హోటలు రుచి – ఇంటి పొయ్యి

(సంఘం వార్షికోత్సవ సభలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

  మనలో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు వున్నారు, తెలుగే మాట్లాడే నూర్ బాషా కుటుంబాలూ వున్నాయి. అందరికీ అందాలని తెలుగులోనే మాట్లాడుతున్నాము. మధ్యమధ్య మా ఇంటి మాటలు దొర్లితే మన్నించాలి.

చదువును గురించి, వైద్యాన్ని గురించి మాట్లాడుకునే సభలో వంట మాటేమిటని ముందు వరసలో కొందరు పెద్దలు నవ్వుతున్నారు. మేము చూస్తూనే వున్నాము. కానీ ఏడాది పొడుగునా మొహల్లాల్లో తిరిగినప్పుడు మా చెవిన పడిన కష్టాల్లో పొయ్యి చుట్టూ తిరిగేవే ఎక్కువ. ఒక ఇంటి సంగతి చెప్తాము. పేరెందుకు? ఆయన ఆటో తోలుతాడు. ఆమె ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుంది. ముగ్గురు పిల్లలు. ఆదివారం వచ్చిందంటే ఐదు బిర్యానీ పార్సెళ్ళు రావలసిందే. ఆ వారం ఆమె కుట్టుకూలి దాదాపు ఆ ఐదు పొట్లాలకే సరిపోతుంది. బడి పుస్తకాలకు మా దగ్గరికి చేయి చాచవలసి వచ్చింది. అందుకని మేము కొంచెం పెద్దరికం చేసి, "మానుకోరాదా తల్లీ" అన్నాము.

"మానేకి నాకేం ఆపా? పెద్దపిల్ల నేను చేసిన పలావు చూసి, ఇది ఉత్తన్నం అమ్మీ అనింది. ఆ మాట అన్నప్పటినుంచి గంటె పట్టుకోబుద్ధి కాలేదు" అనింది ఆమె.

మాకు నోట మాట రాలేదు. పొదుపు చేయమని చెప్పడానికి పోయినాము. ఆమెకు పొదుపు మాకంటే బాగా తెలుసు. ఆమెకు పోయింది తన చేతివంట మీద నమ్మకం. ఆ నమ్మకం వస్తే డబ్బు దానంతటదే మిగులుతుందని ఆ రోజు బయటికి వస్తూ అనుకొన్నాము. అప్పటినుంచి ఈ ఏడాది మా శుక్రవారం తరగతుల్లో జరిగిందే ఇప్పుడు చెప్పబోయేది.

ముప్పై ఏళ్ళు హోటళ్ళలో, దావతుల్లో దేగ్ దగ్గర నిలబడిన ఒక పెద్దాయన మా మొహల్లాలోనే వున్నాడు. చాచా, మీ మసాలా లెక్క చెప్పండి, రాసుకొంటాము అని కాగితం కలం పట్టుకొని పోయినాము. ఆయన నవ్వి, "మసాలా అంగట్లో అందరికీ ఒకటే ఇస్తారు బేటీ. మీరు మంటను చూడరు, అదీ తేడా" అన్నాడు. మొదట మాకు ఇది తప్పించుకొనే మాటలాగా తోచింది. ఆయన్ను నెలరోజులు మా పొయ్యి దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టుకొన్న తరువాతగాని దాని అర్థం తెలియలేదు.

హోటలు పొయ్యికి పెద్ద బర్నరు, వెనుక 19 కిలోల సిలిండరు. మన ఇంటికి వచ్చేది 14.2 కిలోలది, బర్నరు అరచేయంత. ఆ మంట మీద వాళ్ళు చేసినంత ఒక్కసారిగా చేయబోతే ముక్కలు వేగవు, నీరూరి ఉడుకుతాయి. ఇంటి వంట చప్పగా వుండటానికి సగం కారణం ఇదే. నూడుల్సు బండి మీద చేసే ఎగ్ ఫ్రైడ్ రైసు మన ఇంట్లో ముద్దయ్యేది కూడా ఇందుకే. ఇనుప మూకుడు పొగ వచ్చేదాకా కాగనిచ్చి, ఇద్దరికి సరిపడా అన్నం మాత్రం వేసి, మళ్ళీ ఇద్దరికి మళ్ళీ చేస్తే పొడిపొడిగా వస్తుంది. ఓపిక కావాలి, డబ్బు కాదు.

మంట తరువాతిది ఎర్రగా వేగిన ఉల్లి. బిర్యానీ మూత తీయగానే గుప్పుమనే వాసనలో ఎక్కువ పాలు దీనిదే. ఉల్లికి మన సీమలో కొదవలేదు. కర్నూలు యార్డుకు వచ్చినన్ని ఉల్లిగడ్డలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. 2025లో ధర ఎంత పడిపోయిందంటే, ప్రభుత్వమే క్వింటాలు 1,200 రూపాయలకు కొనవలసి వచ్చింది. రైతు కష్టం రైతుది, దాన్ని గురించి సంతోషించరాదు. కానీ చవకగా దొరికిన కాలంలో పది కిలోలు కొని, సన్నగా తరిగి, మిద్దె మీద పాతచీర పరచి ఆరబెట్టుకొంటే మన ఎండకు మూడు నాలుగు రోజుల్లో గలగలలాడతాయి. డబ్బాలో వేసి మూత బిగిస్తే నెలల తరబడి వుంటాయి. నీరు ముందే పోయింది గనుక వేయించేటప్పుడు గ్యాసూ తక్కువ, నూనే తక్కువ. పూర్తిగా ఎర్రబడకముందే తీయాలి. తీసిన తరువాత కూడా ఆ వేడికి రంగు తిరుగుతూనే వుంటుంది. ఈ చిన్న సంగతి తెలియక మేము ఎన్నిసార్లు మాడ్చుకొన్నామో లెక్కలేదు. ఆ మిగిలిన నూనె పారబోయకండి. పలావులోకి పోయాల్సింది అదే.

ఇక ఆ పిల్ల అన్న 'ఉత్తన్నం' సంగతి. హోటలు వాళ్ళు ముక్కలు లేకుండా తక్కువ ధరకు కుష్కా అని అమ్ముతారు చూడండి, అదీ ఉత్తన్నమే కదా? ఖుష్క్ అంటే పొడిది అని అర్థం, ఫారసీ మాట. పేరుకు పొడి అన్నమే గాని, దేగ్‌లో మాంసం రసం పీల్చుకొన్న అన్నం అది. పిల్లలు దాన్ని లొట్టలు వేస్తూ తింటారు. అంటే నాలుకకు కావలసింది ముక్క కాదు, రసం. ఇది గ్రహించిన రోజు మా తరగతిలో పండుగే.

ఐదుగురికి లెక్క చెప్తాము, రాసుకొనేవారు రాసుకోండి. కటికాయన దగ్గర ముక్కల బదులు నల్లి బొక్కలు, మెడ ఎముకలు అరకిలో అడగండి. వీటిని నీళ్ళు పోసి మరిగించి, పైకి తేలిన నురుగు తీసేయాలి. తరువాత అల్లం ముక్క, ఉప్పు వేసి కుక్కర్లో సన్నమంట మీద ముప్పావుగంట. ఇదే యఖ్నీ. బియ్యం అరకిలో. బాస్మతి అక్కరలేదు. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బి.పి.టి. 5204, మనం సోనా అని కొనేది, మన కె.సి. కాలువ కింద పండేది, చక్కగా సరిపోతుంది. కానీ పాత బియ్యం కావాలి. కొత్త బియ్యమైతే ఎవరు చేసినా ముద్దే. ఇరవై నిమిషాలు నానబెట్టండి. ఉల్లి వేయించిన నూనెలో చెక్క, లవంగం, యాలకులు, షాజీరా వేసి, అల్లం తెల్లగడ్డల ముద్ద పచ్చివాసన పోయేదాకా వేయించి, చిన్న గిన్నెడు పెరుగు, చీల్చిన పచ్చిమిరప, పుదీనా, కొత్తిమీర వేయాలి. బియ్యం ఒక గ్లాసుకు యఖ్నీ ముప్పావు తక్కువ రెండు కాదు, పావు తక్కువ రెండు గ్లాసులు. ఈ లెక్క మొదటిసారి మేమే తప్పు చెప్పి నలుగురిళ్ళలో పలుకు అన్నం తినిపించినాము. నీటిని నాలుక మీద వేసుకొంటే ఉప్పు ఒక్క పిసరు ఎక్కువగా తోచాలి. బియ్యం దాన్ని తీసుకొంటుంది. నీరు బియ్యం మట్టానికి వచ్చినప్పుడు వేగిన ఉల్లి చల్లి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అతికి, గిన్నె కింద ఇనుప పెనం పెట్టి, సన్నమంట మీద పది పన్నెండు నిమిషాలు. తరువాత పొయ్యి ఆర్పి, గిన్నెను పాత బొంతలో చుట్టి అరగంట వదిలేయండి. లోపలి వేడితోనే దమ్ అయిపోతుంది. గ్యాసు ఖర్చు లేదు. ఒక హెచ్చరిక: పచ్చిమాంసంతో చేసే బిర్యానీకి ఈ బొంత పద్ధతి పనికిరాదు. మాంసం పూర్తిగా ఉడికిన తరువాతే.

యఖ్నీ తీసిన బొక్కలు అప్పుడే పారేయకండి. కందిబేడలు, శనగబేడలు ఉడికించి, సొరకాయ ముక్కలు, చింతపులుసు, ఈ బొక్కలు వేసి మరిగిస్తే దాల్చా. అన్నం పక్కన దాల్చా వుంటే అది దావత్ భోజనమే. పలచనయిందని చిన్నబుచ్చుకోవద్దు. కూర వండేటప్పుడు నీళ్ళు కొంచెం ఎక్కువ పోసి పొరుగువారిని కూడా చూసుకోమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అబూ జర్ గారికి చెప్పినట్లు సహీ ముస్లింలో వుంది. చారు పెంచడం మనకు నామోషీ ఎట్లవుతుంది?

ముక్కలు కూడా కావాలంటే పావుకిలో చాలు, చిన్నగా కొట్టించుకోండి. ముదురు మాంసమైతే అరకిలోకు ఒక చెంచా పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి గంటసేపు వుంచితే మెత్తబడుతుంది. ఇక్కడ మా ఘనకార్యం ఒకటి ఒప్పుకోవాలి. రంజాన్‌లో నలభై మందికి ఇఫ్తార్ చేస్తూ, ఒక చెంచా అన్నచోట గుప్పెడు వేసి, రాత్రంతా నానబెట్టినాము. పొద్దున చూస్తే ముక్కల్లేవు, గుజ్జు వుంది. ఆ సాయంత్రం దానిలో గోధుమ నూక వేసి హలీమ్ అని వడ్డించినాము. "ఏం హలీమమ్మా ఇది, బొప్పాయి వాసన వస్తాంది" అని ఒక ఖాలా అననే అనింది.

ఖీమాలో మీల్ మేకరు కలపడం కూడా అడుగుతుంటారు. వేడినీళ్ళలో నానబెట్టి, రెండుసార్లు గట్టిగా పిండి, తరిగి, యఖ్నీలో ఉడికించి సగానికి సగం కలిపితే తేడా పట్టడం కష్టం. ఒకసారి చెప్పకుండా పెట్టి, తిన్న తరువాత చెప్పినాము. అందరూ నవ్వినారు గాని అది సరైన పని కాదు. పెట్టేముందు చెప్పాలి.

బిర్యానీ తరువాత పిల్లల రెండో మోజు పొద్దున టిఫిను. ఉరుసుకు కడప పెద్ద దర్గాకు పోయి కారం దోశ తినకుండా తిరిగివచ్చినవారు మనలో ఎంతమంది? దానిలో ఖరీదైనది ఏదీ లేదు. ఎండుమిరపకాయలు వేడినీళ్ళలో నానబెట్టి ఉల్లిగడ్డ, తెల్లగడ్డ, ఉప్పుతో పచ్చిగానే నూరితే ఎర్రకారం. వేయించిన పప్పుల పొడి, పక్కన బుడ్డల చట్నీ. పిండికి రేషను బియ్యమే మేలు. సన్నబియ్యం కంటే దోశకు అవే బాగుంటాయి. వాటిలో అక్కడక్కడ తేడాగా కనిపించిన గింజలను ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసే అమ్మలను చూసినాము. అవి ప్లాస్టిక్ కాదు, ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి బియ్యప్పిండితోనే చేసిన గింజలు. రక్తం తక్కువైన మన ఆడపిల్లలకే అవి కావాలి. బియ్యం నాలుగు పాళ్ళకు ఉద్దిపప్పు ఒక పాలు, మెంతులు ఒక చెంచా, రుబ్బేముందు నానిన బొరుగులు ఒక గుప్పెడు. ఈ బొరుగులే హోటలు దోశకు ఆ మెత్తదనం తెచ్చేది. పెనం ఇనుపది, మందమైనది కావాలి. నీళ్ళు చిలకరిస్తే చుర్రుమని ఎగిరిపోవాలి. సగం కోసిన ఉల్లిగడ్డతో రుద్ది, పిండి పోసి, పైన తడి ఆరకముందే కారం పూయాలి. ఆరిన తరువాత పూస్తే కారం వేరు, దోశ వేరు.

ఉగ్గాని సంగతి చెప్పనక్కరలేదనుకొంటాము, మన ఇళ్ళలో పుట్టి హోటలుకు పోయిన సరుకు అది. బొరుగులు నీళ్ళలో ముంచీ ముంచకుండా తీసి పిండాలి, పప్పుల పొడి పొయ్యి దించిన తరువాతే కలపాలి, అంతే. బజ్జీ నూనెను మాత్రం మళ్ళీ మళ్ళీ కాచవద్దు. హోటళ్ళకు కూడా వాడిన నూనెలో చెడు పదార్థాలు 25 శాతం దాటరాదని 2018లో నియమం వచ్చింది. ఇంట్లో కొలిచేవారెవరూ లేరు గనుక కొంచెం నూనెలో కొన్ని కొన్ని వేయించుకోవడమే దారి.

ఇఫ్తార్ సమోసా ఒకటి చెప్పాలి. ఉల్లి సమోసా లోపల ఎందుకు తడి వుండదు? ఉల్లిముక్కల్లో కాసిని పొడి అటుకులు కలుపుతారు, నీరంతా అవి తాగుతాయి. పైపొరకు, రెండు పలచని రొట్టెల మధ్య నూనె, పొడిపిండి రాసి కలిపి వత్తి, పెనం మీద అటూ ఇటూ చూపించి, వేడిమీదే విడదీసి పట్టీలుగా కోయాలి. రంజాన్ ముందు నలుగురు కూర్చుంటే ఒక మధ్యాహ్నంలో నెలకు సరిపడా పట్టీలు అయిపోతాయి. ఎవరింట్లో ఫ్రిజ్ వుంటే వారింట్లో దాచుకోవచ్చు.

ఇక పిల్లలు ఎగబడేది ఎర్రరంగు. చికెన్ 65, గోబీ మంచూరియా. రంగు పొడి కొనకండి. గోబీ మంచూరియాలో, పీచుమిఠాయిలో రోడమిన్ బి అనే రంగును మన పక్కనే వున్న కర్ణాటకలో 2024 మార్చిలో నిషేధించినారు. అది బట్టలకు వేసే రంగు. హావేరి జిల్లా బ్యాడగి మిరపకాయ నానబెట్టి నూరితే అంతకంటే అందమైన ఎరుపు, కారం తక్కువ. 'టేస్టింగ్ సాల్ట్' కూడా అడుగుతారు. 1908లో జపానులో ఇకెడా అనే శాస్త్రజ్ఞుడు సముద్రపు నాచు చారులోని రుచి నుంచి దాన్ని తీసినాడు. అటువంటి రుచే బాగా మగ్గిన టమోటాలో సహజంగా వుంది. పత్తికొండ టమోటా చవకగా వచ్చినప్పుడు నూనెలో దగ్గరపడేదాకా వేయించి సీసాలో పెట్టుకొంటే ఆ పొట్లం కొనే పనిలేదు.

అన్నీ ఇంట్లో వస్తాయని మేము అబద్ధం చెప్పము. తందూరీ నాన్ రాదు. పెనం తిరగేసి మంట మీద కాల్చే పద్ధతి చూసినాము, రొట్టె సగం పెనానికి, సగం పొయ్యికి అంటుకొంది. పాయాలోకి మన జొన్నరొట్టె వుండగా నాన్ కోసం ఇంత ఆరాటం దేనికని ఆ రోజే మానుకొన్నాము. హలీమ్ ఒక ఇంటికి చేయడం దండగ. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు హలీమ్‌ను భట్టీ మీద గంటలకొద్దీ ఉడికిస్తూ కట్టెతో దంచుతారు. నాలుగిళ్ళు కలిసి గోధుమలు, బేడలు, మాంసం పంచుకొని, పప్పుగుత్తి చేతులు మార్చుకొంటూ చేస్తే ముప్పావు వంతు రుచి వస్తుంది. దేగ్ బిర్యానీ కూడా అంతే. యాభైమందికి వండిన దేగ్ అడుగున వుండే రుచి అరకిలో గిన్నెకు రాదని చాచాయే ఒప్పుకొన్నాడు. ఎప్పుడో ఒకసారి హోటలుకు పోయి తినండి, పిల్లలను తీసుకుపోండి. అక్కడ పనిచేసేదీ మనవాళ్ళే. వారం వారం కుట్టుకూలి పోసి కాదు, అంతే మేము చెప్పేది.

పెద్దలకు ఒక్క మాట. పెండ్లి వలీమాకు మాంసం బిర్యానీ లేకపోతే తలెత్తుకోలేమని వడ్డీకి తెచ్చిన ఇళ్ళు మాకు తెలుసు. వడ్డీ మనకు హరామని తెలిసీ తెచ్చినారు. మొన్న మా తరగతికి వచ్చే ఒక ఆమె తన కొడుకు వలీమాకు బగారా అన్నం, దాల్చా, వంకాయ కూర, ఒక తీపి పెట్టింది. దావత్ అయిపోయినాక ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగినాము. "అన్నారు. దాల్చా ఇంకొంచెం పోయమన్నారు" అనింది. మగవాళ్ళు ఈ మాట మసీదు అరుగు మీద కూడా మాట్లాడుకొంటే మాకు సాయం చేసినవారవుతారు. ఎందుకంటే మెనూ నిర్ణయించేది సాధారణంగా మీరే, అప్పు తీరేది మాత్రం ఇంటి ఆడవాళ్ళ గాజులతో.

మొదట చెప్పిన కుట్టుమిషను ఆమె సంగతి అడుగుతారు. నాలుగు ఆదివారాలు ఆమె ఇంటికి పోయినాము. మొదటి వారం అన్నం అడుగంటింది. రెండో వారం ఉప్పు చాలలేదు. మూడో వారం యఖ్నీతో చేసిన కుష్కా, దాల్చా, పక్కన చిన్న ముక్కల కూర. బొంత విప్పి మూత తీసినప్పుడు పెద్దపిల్ల వంటింటి గడప దగ్గర నిలబడి వుంది. ఏమీ అనలేదు. తట్ట తీసుకొని వచ్చి కూర్చుంది. రెండోసారి పెట్టించుకొంది. ఐదు పార్సెళ్ళ డబ్బులో మూడో వంతు కూడా ఖర్చు కాలేదని ఆమె తరువాత లెక్క చూపించింది. ఇప్పుడు నెలకొకసారి పార్సెలు తెస్తారట, దాని మీద కూడా ఆ పిల్ల వంకలు పెడుతోందట.

వచ్చే శుక్రవారం జుమా తరువాత తరగతి కారం దోశ. ఎవరి పెనం వారు తెచ్చుకోవాలి, ఇనుపది. సంఘానికి దాతలిచ్చిన పెద్ద గిన్నెలు, రెండు దేగ్‌లు మా దగ్గర వున్నాయి. పెండ్లిళ్ళకు, ఫాతిహాలకు కిరాయి లేకుండా ఇస్తాము. తీసుకుపోయినవారు దయచేసి తోమి తెచ్చివ్వండి. పోయిన నెల ఒక దేగ్ మూత ఇంకా రాలేదు. ఎవరింట్లో వుందో మాకు తెలుసు, వారూ ఈ సభలోనే వున్నారు.